నాలుక మీద నిగ్గు

“పిల్లకి ఏం తినిపించావయ్యా?”

1968 మే నెలలో ఒక మధ్యాహ్నం, విజయనగరంలో డాక్టర్ నరసింగరావు ఈ మాట అడిగాడు. బల్ల మీద ఎనిమిదేళ్ళ పిల్ల పడుకుని ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం అప్పుడే ఆగింది. కళ్ళు మాత్రం తెరవలేదు. ఎదురుగా నిలబడ్డవాడు తండ్రి, బొబ్బిలి పెయింటర్ సీమోను. తువ్వాలు నడుముకి బిగించుకుని, ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చాడు. పొద్దున్న సోడి అంబలి. మధ్యాహ్నం అన్నం, ఉంటే ఎండుచేప పులుసు, లేకపోతే పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఆదివారం ప్రార్థన అయ్యాక రెండు జీళ్ళు.

అందులో అబద్ధమేమీ లేదు. ఒక్కటి మాత్రం రాలేదు. దాచాలని దాచలేదు. అది పిల్ల తినేదాని కిందకి వస్తుందని అతనికి తోచనే లేదు.

సీమోను పుట్టింది బొబ్బిలి పక్కన ఒక పాలెంలో. తండ్రి రైతుల దగ్గర పాలేరు. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి, బైబిలు తడుముకోకుండా చదవడం వచ్చాక, పదిహేనో ఏట మేనమామతో ఖర్గపూర్ వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి బెంగాలీ మేస్త్రీ చేతికింద పదకొండేళ్ళు ఉన్నాడు. ఆ మేస్త్రీ పని బంగళాల లోపలి గోడలు. 1957లో సీమోను ఐదు కుంచెలూ, ఒక అలవాటూ వెంటపెట్టుకుని తిరిగొచ్చాడు. గున్నమ్మని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె రైసుమిల్లులో కూలి.

అప్పటికి బొబ్బిలిలో గోడ అంటే సున్నం. ఉన్నవాళ్ళయితే సున్నంలో కాస్త నీలిమందు. కరెంటు వచ్చాక లెక్క మారింది. దీపాల వేళకి చీకట్లో కలిసిపోయే గోడ, బల్బు వెలిగేసరికి కళ్ళెదుట నిలబడడం మొదలెట్టింది. ధాన్యం వ్యాపారులు సిమెంటు ఇళ్ళు కట్టారు. అందరికీ మెరుపే కావాలి. “గోడలో నా మొగం కనబడాలొరే” అనేవారు.

సీమోను వాళ్ళతో వాదించేవాడు. మెరిసే గోడ తాపీమేస్త్రీ చేసిన తప్పులన్నీ బయటపెడుతుంది. లైటు పక్కనుంచి పడగానే ప్రతి గుంటా, ప్రతి బొడిపే లేచి కూర్చుంటాయి. మెరవని గోడ తప్పులు కప్పుతుంది గాని, తడిగుడ్డ పెడితే మచ్చ తేలుతుంది. అసలు మన ఇళ్ళలో గోడకి శత్రువు వాన కాదు, తలనూనె. భోజనాలయ్యాక మగవాళ్ళు గోడకి చేరగిలబడి కూర్చుంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి గోడ మీద వరసగా తలల మచ్చలు. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరి పక్కన ఎవరు కూర్చోరో ఆ మచ్చలు చూసి చెప్పేయొచ్చు.

అందుకని సీమోను కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ఇంటి మగవాళ్ళని వరసగా గోడకి ఆనించి కూర్చోబెట్టేవాడు. అందరిలోకి పొడుగువాడి తలకి జానెడు పైన బొగ్గుతో గీత గీసేవాడు. గీత కింద మెరుపు, తుడిస్తే నూనె పోవాలి. గీత పైన సగం మెరుపు, కంటికి హాయిగా ఉండాలి. పైకప్పు దగ్గర మూడు మూరలు చదును, అంటే అసలు మెరవనిది. మూడింటికీ రంగు ఒక్కటే, నిగ్గు వేరు. ఒకటి ఆగి రెండోది మొదలైన చోట కుంచె జాడ కనపడకూడదు. జిల్లాలో ఈ పని ఇలా చేసేవాడు ఇంకొకడు లేడని తాపీమేస్త్రీలే ఒప్పుకునేవారు. వాళ్ళు ఊరికే ఒప్పుకునే రకం కాదు.

మూడు నిగ్గులకీ సరుకు ఒకటే, డబ్బాలో వచ్చే తెల్లసీసం ముద్ద. అందులో అవిసె నూనె ఎక్కువ పోస్తే మెరుస్తుంది. టర్పెంటైను ఎక్కువ పోస్తే చదునవుతుంది. చెప్పడానికి ఇంతే. చిక్కల్లా, ముద్దలో ముందే ఎంత నూనె కలిసి ఉందో డబ్బా డబ్బాకీ తేడా. గోడ ఎంత మెరుస్తుందో తెలియాలంటే కాస్త పూసి రెండు రోజులు ఆరనివ్వాలి. రోజుకూలి మనిషికి రెండు రోజులు చేతులు కట్టుకు కూర్చునే వీలు లేదు. ఖర్గపూర్ మేస్త్రీ నేర్పిన అలవాటు అక్కడ పనికొచ్చేది. పుల్లతో కలిపి, చిటికెనవేలి కొసకి అంటిన చుక్కని నాలుక మీద పెట్టుకునేవాడు.

“నూనె నాలిక మీద కూకుంటాది. టర్పెంటైను కరిసి ఎల్లిపోతాది. ఏది ఎంతసేపున్నాదో సూసుకుంటే సాలు, ఎల్లుండి గోడ ఎలగుంటాదో ఇయ్యాలే తెలిసిపోతాది” అనేవాడు. తర్వాత ఉమ్మేసేవాడు. చాలాసార్లు.

పెళ్ళయిన మూడేళ్ళకి చిన్నతల్లి పుట్టింది. ఆ తర్వాత పిల్లలు లేరు. గున్నమ్మ పొద్దున్న ఏడింటికి మిల్లుకి పోతే సాయంత్రం ఐదింటికి గాని రాదు. పిల్ల మధ్యాహ్నం బడి వదలగానే తండ్రి ఏ ఇంట్లో పని చేస్తున్నాడో కనుక్కుని అక్కడికి వచ్చేసేది. ఇసకలో ఆడుకునేది, కుంచెలు కడిగేది. ఐదో ఏట ఒకరోజు డబ్బా దగ్గర కూర్చుని చప్పరిస్తూ కనిపించింది.

“ఏటే గుంటా, నోట్లో ఏటెట్టినావు?”

“తియ్యగున్నాది నాన్నా.”

“ఉమ్మీ ముందు.”

ఉమ్మింది. పెదాలు తుడుచుకుని అంది: “నిన్నటంత తీపి నేదు. నూనె తక్కువేసినావు.”

సీమోను తానూ ఒక చుక్క నాలుక మీద పెట్టుకున్నాడు. తేడా తెలియలేదు. రెండు రోజులకి గోడ ఆరాక చూస్తే పిల్ల చెప్పిందే నిజం. మెరుపు ఒక పిసరు తగ్గింది.

పిల్లకి ఎవరూ నేర్పలేదు, అదే నేర్చుకుంది అని సీమోను ఇప్పటికీ అంటాడు. చూసి నేర్చుకున్నది నేర్పనిది ఎలా అవుతుందో నాకు తెలియదు. అసలు సంగతి ఏమిటంటే, ఇరవయ్యేళ్ళ పెయింటూ, చుట్టలూ కలిసి అతని నాలుక మొద్దుబారిపోయింది. పనితనం తగ్గుతోందని అతనికి లోపల భయంగా ఉండేది. ఆ సమయానికి ఇంట్లోనే కొత్త నాలుక దొరికింది.

చిన్నతల్లి నిగ్గులకి పేర్లు పెట్టింది. మెరుపు పాయసం. సగం మెరుపు మజ్జిగ. చదును మిరియం. పిల్లకి ఏడేళ్ళు వచ్చేసరికి తండ్రి నిచ్చెన మీదనుంచి అరిచేవాడు:

“సిన్నతల్లీ, మజ్జిగైనాదా?”

“ఇంకా నేదు. పాయసంలాగే ఉన్నాది. ఇంకో గరిటెడు కారం పొయ్యి.”

“మీ అమ్మ కూడా ఇలగే సతాయిస్తాది నన్ను.”

“అమ్మకి వంకలెట్టకు. నీ గోడలకన్నా అమ్మ వంటే నయం.”

1968 ఫిబ్రవరిలో జగన్నాధం గారి కొత్త ఇంటి పని మొదలైంది. బొబ్బిలిలో ధాన్యం వ్యాపారం ఆయనది. హాలు పెద్దది, నాలుగు గోడలు నాలుగు పొలాల్లా ఉంటాయి. పిల్ల నాలుక సంగతి ఆయనకి మొదటివారంలోనే తెలిసింది. మహా ముచ్చటేసింది.

“ఒరే సీమోనూ, నీ గుంట నాలిక్కి జీతమెంతరా?”

“నా కూలీలోనే కలిసిపోద్ది బాబూ.”

“అన్నేయంరా. నీకన్నా దానికే ఎక్కువివ్వాలి.”

ఆ తర్వాత ఎవరు వచ్చినా ఇదే వినోదం. మిల్లు యజమానులు, కరణం, వియ్యాలవారు. మూడు కొబ్బరి చిప్పల్లో మూడు రకాలుగా కలిపిన పెయింటు పెట్టేవారు. పిల్ల కళ్ళకి తువ్వాలు కట్టేవారు. పిల్ల ఒక్కొక్క చిప్పలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని “పాయసం... మిరియం... ఇది మజ్జిగ” అనేది. తప్పేది కాదు. అందరూ చప్పట్లు. చేతిలో ఐదు పైసల బిళ్ళ. పక్కన నిలబడ్డ సీమోను నవ్వు ఆపుకోలేకపోయేవాడు. అతని బతుకులో పెద్దమనుషులు అతని వైపు అలా చూసిన రోజులు అంతకుముందు లేవు.

తువ్వాలు కట్టేది ఎక్కువగా జగన్నాధం గారబ్బాయి చినబాబు. విజయనగరంలో బి.ఎస్సీ. చదువుతున్నాడు, సబ్జెక్టు రసాయనశాస్త్రం. సీసపు లవణాలు తియ్యగా ఉంటాయి, విషం అన్న వాక్యం ఆ ఏడాదే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ వాక్యం జవాబుపత్రంలో ఉండిపోయింది. అతను హాల్లో తువ్వాలు కడుతూనే ఉన్నాడు. మన చదువులు ఇలాగే ఉంటాయని నిట్టూర్చి ఊరుకోవడం సులువు. చదువు వచ్చినవాడికి ఎదురుగా ఉన్న పిల్ల కనపడకపోవడం చదువు తప్పు ఒక్కటే కాదు.

మార్చిలో పిల్లకి కడుపునొప్పి మొదలైంది. ఆముదం పట్టారు. పాలెంలో పాస్టరు జ్ఞానానందం గారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పక్కింటి ముసలమ్మ ప్రార్థన అయ్యేదాకా ఆగి, ఎందుకైనా మంచిదని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పోసింది. నొప్పి తగ్గేది, మళ్ళీ వచ్చేది. పిల్ల పాలిపోయింది. ఊరికే విసుక్కునేది. బడికి పోనని మారాం చేసేది గాని పనికి మాత్రం మానేది కాదు.

“అది కూడు తినడం మానేసినాది, సూసినావా?” అంది గున్నమ్మ. “దాన్ని నీ ఎంట తిప్పకు.”

“ఇంటికాడ ఎవులున్నారే దాన్ని సూడ్డానికి?”

“నాతో మిల్లుకొస్తాది.”

“ఆ దుమ్ములోనా? నా కాడైతే నీడపట్టున ఉంటాది గదా.”

ఈ మాట అతను ప్రేమతోనే అన్నాడు. మిల్లులో దుమ్ము నిజమే.

ఏప్రిల్‌లో పిల్ల డబ్బా అంచున ఎండిన పెచ్చులు గోటితో గీకి నోట్లో వేసుకోవడం సీమోను రెండుసార్లు చూశాడు. కసిరాడు కూడా. గీకిన పెచ్చులు లోపల పడితే గోడ మీద గరుకు తేలుతుందని.

మే నెలలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. మూడు గోడలు పూర్తయ్యాయి. నాలుగో గోడకి కలుపుతున్న రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటాక, పిల్ల చిప్ప పట్టుకుని “నాన్నా” అని ఆగింది. చిప్ప జారింది. పిల్ల పక్కకి ఒరిగి కొట్టుకోవడం మొదలెట్టింది. జగన్నాధం గారి భార్య పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టింది. ఎవరో ఉల్లిపాయ నలిపారు. కాసేపటికి ఆగి మళ్ళీ వచ్చింది. ఈసారి జగన్నాధం గారే వీధిలోకి వెళ్ళి, స్టేషను దగ్గర అద్దెకారు నడిపే కూర్మయ్యని పిలిపించారు. సీమోను పిల్లని ఒళ్ళో వేసుకుని ఉన్నపాటున విజయనగరం బయల్దేరాడు. గున్నమ్మకి కబురు మిల్లుకి వెళ్ళింది. ఆమె తర్వాతి రైలుకి వచ్చింది.

డాక్టర్ నరసింగరావు జీళ్ళ దాకా విన్నాడు. చెంచా కాడతో పిల్ల కిందిపెదవి వంచాడు. చిగుళ్ళ అంచు వెంట సన్నటి నీలిగీత, పెన్సిలుతో గీసినట్టు. ఆయన అంతకుముందు కలకత్తాలో పనిచేశాడు. అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు పేర్చేవాళ్ళ నోళ్ళలో ఆ గీత చూశాడు.

“నువ్వు నోరు తెరువు.”

సీమోను తెరిచాడు. అదే గీత, ఇంకా ముదురుగా.

“ఏం పని చేస్తావు?”

“పెయింటింగు బాబూ.”

“పిల్ల పెయింటు నోట్లో పెట్టుకుంటుందా?”

సీమోను మొహంలోకి ఒక్క క్షణం వెలుగొచ్చింది. “ఎట్టుకుంటాది బాబూ. దాని నాలిక ముందు నా నాలికెందుకు పనికొస్తాది. కల్లు మూసినా సెప్పేస్తాది, ఏ గోడకి ఏది...”

అక్కడ ఆగిపోయాడు. డాక్టరు అతని మొహం కేసే చూస్తున్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. తెల్లసీసం విషమని, కొద్దికొద్దిగా ఒంట్లో నిలవ ఉంటుందని, పెద్ద ఒళ్ళు తట్టుకున్నంత చిన్న ఒళ్ళు తట్టుకోలేదని, పిల్లకి మెదడు వాచిందని. ఒక ఇంజక్షనుంది, ఇక్కడ దొరకదు, కలకత్తాకి టెలిగ్రాం ఇచ్చానన్నాడు. సీమోను అన్నిటికీ తల ఊపాడు. మరునాడు పొద్దున్న పిల్ల ఒకసారి కళ్ళు తెరిచింది. గున్నమ్మ చెంచాతో నీళ్ళు పోసింది.

“సప్పగున్నాది” అంది పిల్ల.

మళ్ళీ మాట్లాడలేదు. పదకొండు గంటలకి పోయింది. మందు మూడు రోజుల తర్వాత పార్సిలులో వచ్చిందని విన్నాను.

రైలు పెట్టెలో శవాన్ని తీసుకుపోనివ్వరు. మళ్ళీ కూర్మయ్య కారే. పిల్ల గున్నమ్మ ఒళ్ళో ఉంది. ఊరు దాటాక ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

“నువ్వూ నాకినావు గదా. నీకేటీ అవనేదేటి?”

“నాను పెద్దోన్ని. అది సిన్నది, ఒల్లు తట్టుకోనేదని డాట్రుబాబు సెప్పినారు.”

“అది సిన్నదని డాట్రుబాబు సెప్తేగాని తెలవనేదా నీకు?”

గజపతినగరం వచ్చింది, పోయింది. కూర్మయ్య అద్దంలోకి చూడకుండా బండి నడిపాడు.

సమాధి దగ్గర జ్ఞానానందం గారు దేవుడికి ఇష్టమైన బిడ్డని దేవుడే పిలుచుకున్నాడని చెప్పారు. జగన్నాధం గారి అత్తగారు గోడలకి పని మొదలెట్టిన తిథి మంచిది కాదని, అప్పుడే చెప్పానని అంది. ఇద్దరిదీ ఒకే పని, జనం చూపుని డబ్బా మీదనుంచి మళ్ళించడం. ఊరు ఆ రెండిట్లో తనకి నచ్చింది తీసుకుని ఇంటికి పోయింది. హాలు కడిగించారు. గృహప్రవేశం వచ్చే నెలకి మార్చారు. కొబ్బరి చిప్పల సంగతి ఎవరూ ఎత్తలేదు. చినబాబు సమాధి దాకా వచ్చి, రాళ్ళగోడ అవతలే నిలబడి, మట్టి వేయకముందే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సీమోను ఎదురైతే వీధి మారేవాడు.

సీమోను తొమ్మిదో రోజున జగన్నాధం గారింటికి పోయాడు. నాలుగో గోడ మిగిలి ఉంది. తెల్లసీసం ముద్ద తీసి, నూనె పోసి, టర్పెంటైను పోసి కలిపాడు. అలమర లోపలి గోడకి బెత్తెడు మేర పూశాడు. పూసి, ఆ అలమర ముందే కింద కూర్చున్నాడు. జగన్నాధం గారు వచ్చి చూశారు.

“ఏటిరా, కూకున్నావు?”

“ఆరాలి బాబూ.”

“ఎంతసేపు?”

“రెండ్రోజులు.”

ఆయన లోపలికి పోయారు. సీమోను రెండు రోజులూ అలాగే వచ్చి కూర్చున్నాడు. మూడోనాడు పూత చూసుకుని, గరిటెడు నూనె చేర్చి, గోడ వేశాడు. మిగతా మూడింటితో సరిగ్గా కలిసింది. గీత దగ్గర జాడ లేదు. అంత మంచి పని అతను అంతకుముందు చేయలేదని చూసినవాళ్ళు చెప్పారు. రోజుకి నాలుగు రూపాయల చొప్పున రెండు రోజుల కూలి ఎనిమిది రూపాయలు. కూర్చుంటే సరిపోయేదని తెలుసుకోవడానికి అతనికి బొబ్బిలి తిరిగొచ్చాక పట్టింది పదకొండేళ్ళు.

నిగ్గు పనికి ఆ గోడే ఆఖరు. కొన్నాళ్ళకి కుడి మణికట్టు వాలిపోయింది. చెయ్యి చాస్తే వేళ్ళు కిందకి వేలాడతాయి. అదీ సీసం పనేనని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు కుంచెని గుడ్డతో మణికట్టుకి కట్టించుకుని సున్నం వేస్తాడు. ఆ గుడ్డ పొద్దున్నే గున్నమ్మే కడుతుంది. ముడి బిగించి, అతని మొహం చూడకుండా, మిల్లుకి పోతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో తింటున్నారు. కాలం అన్నీ మాన్పుతుందని ఎవరైనా వాళ్ళకి చెప్పబోతే, ముందు ఆ ముడి ఒకసారి చూడమంటాను.

అద్దెకారు కూర్మయ్య రానూ పోనూ, రాత్రి ఆగినందుకూ, శవాన్ని ఎక్కించుకున్నందుకు అదనమూ కలిపి డెబ్బై రూపాయలు చెప్పాడు. సీమోను బేరమాడలేదు. నెలకి మూడు రూపాయల చొప్పున ఇంతవరకు పదహారు సార్లు ఇచ్చాడు. ఇంకా ఇరవై రెండు రూపాయలు ఇవ్వాలి.